బలపపు రాయి పక్కనే రాతినార

(కడపలో ఒక ఆదివారం సాయంత్రం, భూగర్భశాస్త్రం పాఠాలు చెప్పి రిటైరైన ఒక లెక్చరర్ చేసిన ప్రసంగం ఇది. రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగు విని టైపు చేశాం. తడబాట్లు తప్ప ఏమీ తీసెయ్యలేదు.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్ళు ముందుకు రండి, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. బాబూ, ఆ ఫ్యాను కొంచెం తగ్గించు, నా కాయితాలు ఎగిరిపోతున్నాయి. దుమ్ము గురించి చెప్పబోయే మనిషి మొదట గాలి తగ్గించమన్నాడని నవ్వుకోకండి.

మీకు చూపించడానికి రెండు వస్తువులు తెచ్చాను. మొదటిది ఈ రాయి. ముందు వరసలోంచి మొదలుపెట్టి ఒకరి చేతిలోంచి ఒకరికి ఇచ్చుకుంటూ పోండి. ఎలా ఉందమ్మా? జారుతోంది కదా, సబ్బు ముక్కలాగా? గోరుతో ఒక్క గీత పెట్టి చూడండి. ఒక్కటే చాలు, పొడి రాల్చకండి. గీత పడిందా? రాళ్ళ గట్టితనానికి మేం ఒకటి నుంచి పది దాకా మార్కులు వేస్తాం. వజ్రానికి పది, దీనికి ఒకటి. అన్నిటికంటే మెత్తనిది. దీన్ని మనం బలపపు రాయి అంటాం. మీరు పలక మీద అ ఆ లు దిద్దిన బలపం ఇదే. ఇక్కడున్నవాళ్ళలో చిన్నప్పుడు బలపాలు తిననివాళ్ళు ఎంతమంది? చేతులు లేపండి. ముగ్గురేనా! సరే.

ఇది కర్నూలు వైపు బేతంచెర్ల దగ్గర ముద్దవరం రాయి. తాడిపత్రి వైపు కూడా దొరుకుతుంది. వెల్డింగు షాపులో ఇనుము మీద గీత పెట్టేది ఇదే. పంక్చర్ షాపులో ట్యూబుకి ప్యాచ్ వేశాక అంటుకోకుండా తెల్లగా రుద్దుతాడే, అది దీని పొడే. మాత్రలు మిషనుకి అతుక్కోకుండా మందుల కంపెనీలు కలిపేది దీన్నే. పెయింటులో, ప్లాస్టిక్కులో, కాగితంలో, టైల్సులో, అన్నిటిలో ఉంటుంది. శుభ్రంగా దంచి, జల్లించి, సెంటు కలిపి డబ్బాలో పోస్తే టాల్కం పౌడరు. మనం మొహానికి పూసుకునేది రాయే. నాజూగ్గా పూసుకుంటాం గానీ, రాయే.

రెండో వస్తువు ఈ సీసా. ఇది మాత్రం చేతికివ్వను, దూరం నుంచే చూడండి. మూతకి లక్క వేసి ముప్పై ఏళ్ళయింది. లోపల తెల్లగా, పట్టు పోగుల్లాగా మెరుస్తోంది చూశారా? ఇదీ రాయే. పులివెందుల దగ్గర బ్రాహ్మణపల్లె గనిది. దీని పేరు రాతినార. మీకు ఆస్‌బెస్టాస్ అంటే బాగా తెలుసు, ఇంటి మీద రేకుల్లో వేసేది. రాయిని వేళ్ళతో పట్టుకుని పీకితే దూది పీకినట్టు పోగులుగా వస్తుంది. నిప్పుకి కాలదు, మెలితిప్పి నూలు వడకొచ్చు. మా చదువు రోజుల్లో దీన్ని ముక్కు దగ్గర పెట్టుకుని చూసేవాళ్ళం. వద్దని చెప్పినవాళ్ళు లేరు.

ఈ రెండిటినీ పక్కపక్కన ఎందుకు పెట్టానంటారా? భూమి లోపల ఇవి పక్కపక్కనే పుడతాయి కాబట్టి.

మీకు అరిసెల పాకం తెలుసు కదా. మా అమ్మ గిన్నెలో నీళ్ళు పక్కన పెట్టుకుని పాకం చుక్క వేసి చూసేది. లేతపాకం, తీగపాకం, ఉండపాకం, ముదురుపాకం. అదే బెల్లం, అవే నీళ్ళు. మంటా సమయమే తేడా. రాళ్ళ సంగతీ అంతే. మన కడప దగ్గర వేంపల్లె డోలమైటు రాయి ఉంది, పొరలు పొరలుగా. ఎప్పుడో కోట్ల ఏళ్ళ కింద దాని మధ్యలోకి కింది నుంచి కరిగిన నల్లరాయి చొరబడింది. ఆ వేడికీ, ఆ వేడినీళ్ళకీ డోలమైటులోని మెగ్నీషియం, దాంతో ఉన్న సిలికా కలిసి ఉడికాయి. ఒకచోట బలపపు రాయి అయింది. ఇంకోచోట రాతినార చారలు పడ్డాయి. పులివెందుల రాతినారకీ, మన జిల్లాల బలపపు రాయికీ పుట్టిల్లు ఒకటే.

రాతినార అంటే ఒకే ఖనిజం కాదు. ఆరింటికి కలిపి ఆ పేరు. మన పులివెందులది క్రిసోటైల్. టాల్క్‌కి, అంటే మన బలపపు రాయికి, తోడుగా ఎక్కువగా కనబడేవి వేరే ఇద్దరు: ట్రెమొలైట్, ఆంథోఫిలైట్. పేర్లు గుర్తుపెట్టుకోనక్కర్లేదు, పరీక్షేం పెట్టను. డోలమైటు ఇంకొంచెం వేడెక్కితే టాల్క్ దాటి ట్రెమొలైట్ దాకా పోతుంది. పాకం ముదిరినట్టు. గనిలో ఒక చారలో టాల్క్, జానెడు అవతల ట్రెమొలైట్. జేసీబీ తొట్టికి ఆ జానెడు తేడా తెలుస్తుందా?

ఒక మాట స్పష్టంగా చెప్పనివ్వండి, రేపు ఎవరూ నా పేరు చెప్పి గొడవ చెయ్యకుండా. బలపపు రాయి అంతటిలో రాతినార ఉందని నేను అనడం లేదు. చాలా గనుల్లో ఉండదు. ఒక గనిలో లేకపోతే పక్క గనిలోనూ లేదని మాత్రం అనలేం. ఒకే గనిలో ఈ మూల లేకపోతే ఆ మూలా లేదని కూడా అనలేం. ప్రతిచోటా చూడాల్సిందే, చూస్తూ ఉండాల్సిందే. అంతే నేను చెప్పేది.

ఇప్పుడు ఊపిరితిత్తుల దగ్గరికొద్దాం. మామూలు దుమ్ము రేణువు గుండ్రంగానో బిళ్ళలాగానో ఉంటుంది. ముక్కులో కొంత ఆగుతుంది, గొంతులో కొంత ఆగుతుంది, దగ్గితే కొంత వస్తుంది. లోపలికి పోయినదాన్ని మింగి శుభ్రం చెయ్యడానికి ఒక రకం కణాలున్నాయి. రాతినార పోగు సూది లాంటిది. వెంట్రుక మందం డెబ్భై మైక్రాన్లు అనుకోండి, ఈ పోగు మందం ఒక మైక్రాన్ కంటే తక్కువ. గాలిలో గంటల తరబడి తేలుతుంది. పొడవుగా ఉన్నా సన్నగా ఉంటుంది కాబట్టి గాలితోపాటు నిలువునా దిగిపోతుంది. దాన్ని మింగబోయిన కణం చీపురుపుల్లని మింగబోయిన కప్ప లాగా అవుతుంది. పూర్తిగా మింగలేదు, కక్కలేదు, అక్కడే చస్తుంది. ఇంకో కణం వస్తుంది, అదీ అంతే. ఇలా ఏళ్ళ తరబడి లోపల రగులుతూనే ఉంటుంది. ఊపిరితిత్తి గట్టిపడితే ఆస్‌బెస్టోసిస్. ఊపిరితిత్తుల క్యాన్సర్ రావచ్చు, బీడీ సిగరెట్టు తోడైతే ఆ ముప్పు ఎన్నో రెట్లవుతుంది. ఊపిరితిత్తి చుట్టూ ఉండే పలుచని పొరకి వచ్చే క్యాన్సర్ ఇంకోటి ఉంది, మీసోథీలియోమా. రాతినార తప్ప దానికి పెద్ద కారణాలు లేవు.

ఎప్పుడు వస్తుంది? ఇక్కడే ఉంది అసలు కష్టం. ఇవాళ పీలిస్తే రేపు రాదు. ఇరవై ఏళ్ళకి, ముప్పై ఏళ్ళకి, నలభై ఏళ్ళకి వస్తుంది. పద్దెనిమిదేళ్ళప్పుడు బస్తాలు నింపినవాడికి మనవలు పుట్టాక ఆయాసం మొదలవుతుంది. అప్పుడు డాక్టరు "ఏం పని చేస్తారు?" అంటాడు. "ఇంట్లోనే ఉంటానయ్యా" అంటాడు ఈయన. అయిపోయింది. మిల్లు సంగతి ఎవరికీ గుర్తు రాదు.

పనివాళ్ళ సంగతి లోకానికి ఎప్పుడు తెలిసింది? కొత్తగా తెలిసిందేం కాదు. అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రం ఉత్తరాన గూవర్నర్ అని ఒక చిన్న ఊరు. చుట్టుపక్కల టాల్క్ గనులు. ఆ టాల్క్‌లో ట్రెమొలైట్ దండిగా ఉండేది. అక్కడి పనివాళ్ళ ఊపిరితిత్తుల గురించి 1943 లోనే డాక్టర్లు రాశారు. మనకింకా స్వాతంత్ర్యం రాలేదు అప్పటికి! 1980లో అమెరికా ప్రభుత్వ వృత్తి ఆరోగ్య సంస్థ, నయాష్ అంటారు, ఆ పనివాళ్ళలో ఊపిరితిత్తుల క్యాన్సర్ మరణాలు ఉండాల్సినదానికంటే ఎక్కువున్నాయని రిపోర్టు ఇచ్చింది. అక్కడి గని కంపెనీ ఏమందో తెలుసా? "మా రాయిలో ఉన్నది ట్రెమొలైటే, కానీ నార కాదు, పెచ్చు" అంది.

ఇది కొంచెం వివరంగా చెప్పాలి, చాలామంది దీన్ని దాటేస్తారు. ట్రెమొలైట్ రెండు రకాలుగా పెరుగుతుంది. ఒకటి గడ్డగా, పలకలుగా. రెండోది నారగా. గడ్డగా పెరిగినదాన్ని మిల్లులో వేసి దంచితే సూదిలాంటి పెచ్చులు లేస్తాయి. మైక్రోస్కోపులో చూస్తే పొడుగ్గా, సన్నగా పోగులాగే ఉంటాయి. ఇది రాతినార కింద లెక్కా, కాదా? కోర్టుల్లో, ఆఫీసుల్లో యాభై ఏళ్ళుగా ఈ వాదన నడుస్తూనే ఉంది. ఖనిజాలు చదివినవాడిగా నేనూ ఒప్పుకుంటాను, రెండూ ఒకటి కాదు. నారగా పెరిగినదే ఎక్కువ ప్రమాదం అనడానికి ఆధారాలు బలంగా ఉన్నాయి. కానీ మిల్లులో బస్తా కుట్టేవాడు రెండూ కలిసిన దుమ్మే పీలుస్తాడు కదా? "నేను నారని కాదు, పెచ్చుని" అని సర్టిఫికెట్టు పట్టుకుని వెళ్తుందా అది లోపలికి? ఇంకోటి, రాతినార అసలు లేకపోయినా సరే, ఉత్త టాల్క్ దుమ్మే ఏళ్ళ తరబడి పీలిస్తే ఊపిరితిత్తి గట్టిపడుతుంది. ఆ జబ్బుకి టాల్కోసిస్ అని వేరే పేరే ఉంది. కాబట్టి పనివాడికి ఈ వాదన గెలిచినా ఓడినా మాస్కు కావాల్సిందే.

ఇక డబ్బా సంగతి. మీరందరూ వచ్చింది దీనికోసమే అని నాకు తెలుసు. జాన్సన్ అండ్ జాన్సన్ పేరు వినని ఇల్లు లేదు. మా ఇద్దరు పిల్లలకీ నేనే పూశాను, బుగ్గలకి, చంకలకి, మెడ కింద ముడతల్లో.

1976లో న్యూయార్క్‌లో మౌంట్ సైనాయ్ వైద్య కళాశాల శాస్త్రవేత్తలు బజార్లో అమ్మే ఇరవై రకాల టాల్కం పౌడర్లు కొని పరీక్ష చేశారు. పదింటిలో ట్రెమొలైటో ఆంథోఫిలైటో కనబడింది. సగం! అదే ఏడు అక్కడి సౌందర్య సాధనాల కంపెనీలన్నీ కలిసి ఒక పరీక్ష పద్ధతి పెట్టుకున్నాయి. మంచిదే కదా? ఆ పద్ధతి ప్రధానంగా ఎక్స్‌రే కిరణాలతో చేసే పరీక్ష. అర శాతం కంటే తక్కువ ఉంటే దానికి దొరకదు. అర శాతమే కదా అనకండి. లెక్క వెయ్యండి, ఏమప్పా, లెక్కల మాస్టారు ఉన్నారా ఇక్కడ? కిలోకి ఐదు గ్రాములు. యాభై కిలోల బస్తాకి? పావు కిలో. ఆ సీసాలో ఉన్నదానికి ఎన్నో రెట్లు. అంత ఉన్నా రిపోర్టులో "కనబడలేదు" అనే వస్తుంది.

కనబడలేదు అనడానికీ, లేదు అనడానికీ తేడా మన ఇంట్లో అందరికీ తెలుసు. తాళంచెవి ఎక్కడుందిరా అంటే పిల్లవాడు గుమ్మంలోంచి తొంగిచూసి "లేదమ్మా" అంటాడు. తల్లి వెళ్ళి దిండు ఎత్తితే ఉంటుంది. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు అంటే దిండు ఎత్తి చూడటం. ఖర్చు, టైము ఎక్కువ. కానీ కనబడుతుంది. మీకెవరైనా "రాతినార లేదు" అని రిపోర్టు చూపిస్తే ఒక్క ప్రశ్న అడగండి: ఏ పరికరంతో చూశారు, ఎంత తక్కువ దాకా చూడగలదు అది?

2018 డిసెంబరులో రాయిటర్స్ వార్తాసంస్థ వాళ్ళు జాన్సన్ కంపెనీ గురించి ఒక పరిశోధన బయటపెట్టారు. 1971 నుంచి 2000ల మొదటి దాకా ఆ కంపెనీ ముడి టాల్క్‌లో, కొన్నిసార్లు పౌడర్లో కొద్దికొద్దిగా రాతినార బయటపడిందనీ, కంపెనీకి ఆ సంగతి తెలుసనీ రాశారు. కంపెనీ కాదంది, ఇప్పటికీ మా పౌడరు సురక్షితం అనే అంటుంది. 2019 అక్టోబరులో అమెరికాలో ఆహారం, మందుల మీద నిఘా పెట్టే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ పరీక్షలో ఒక డబ్బాలో చాలా కొద్దిగా క్రిసోటైల్ కనబడితే సుమారు 33 వేల డబ్బాలు వెనక్కి పిలిపించారు. 2020లో అమెరికా, కెనడాల్లో టాల్క్ పౌడరు అమ్మకం ఆపేశారు. 2023లో ప్రపంచమంతా ఆపేశారు, మొక్కజొన్న పిండికి మారారు. కోర్టు కేసుల కథ చెప్పాలంటే తెల్లారిపోతుంది. పౌడరు వల్లే క్యాన్సర్ వచ్చిందన్న ఇరవై రెండు మంది ఆడవాళ్ళ కేసులో 2018లో 469 కోట్ల డాలర్లు ఇవ్వమంది జ్యూరీ, పైకోర్టు దాన్ని సగం కంటే తగ్గించింది, అది చాలు.

ఆ ఒక్క కంపెనీయే కాదు. 2009లో దక్షిణ కొరియాలో చంటిపిల్లల పౌడర్లలో రాతినార బయటపడింది. తీగ లాగితే ఆ టాల్క్ మాత్రల్లోకీ పోయిందని తేలింది. వెయ్యికి పైగా మందులు అమ్మకూడదని ఆపేశారు. చూశారా, డబ్బా పట్టుకుని వెళ్తే మందుల షాపులో తేలాం. రాయి దగ్గర తప్పు జరిగితే అది ఎక్కడెక్కడికి పోతుందో ఎవరికీ లెక్క ఉండదు.

అమ్మా, మీరేదో అడుగుతున్నారు... గర్భసంచి దగ్గర క్యాన్సర్ అంటారే, అదేనా? గర్భసంచి కాదమ్మా, అండాశయం. ఉన్నది ఉన్నట్టు చెప్తాను. రాతినార వల్ల అండాశయ క్యాన్సర్ వస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద పనిచేసే క్యాన్సర్ పరిశోధన సంస్థ ఐఏఆర్‌సీ తేల్చింది, అందులో అనుమానం లేదు. రాతినార లేని ఉత్త టాల్క్ సంగతి అంత తేలిగ్గా తేలలేదు. 1982 నుంచి కొన్ని అధ్యయనాలు లింకు ఉందన్నాయి. 2020లో రెండున్నర లక్షల మంది ఆడవాళ్ళ వివరాలు కలిపి చూస్తే గట్టిగా చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. 2024లో ఐఏఆర్‌సీ టాల్క్‌ని "బహుశా క్యాన్సర్ కారకం" అనే వరసలో పెట్టింది. కాబట్టి వాడినవాళ్ళు రాత్రి నిద్ర పోగొట్టుకోకండి, టెన్షన్ పడకండి. ఇకమీదట మర్మావయవాల దగ్గర మాత్రం వద్దు. చంటిపిల్లలకి అసలు వద్దు, రాతినార ఉన్నా లేకపోయినా. డబ్బా తలకిందులు చేసి పిల్లవాడి మొహం మీద కొడితే లేచే మేఘం వాడి ఊపిరితిత్తుల్లోకే పోతుంది. పిల్లల డాక్టర్లు ఎప్పటినుంచో చెప్తున్నారు.

నా బాధ ఏంటంటే, డబ్బా గురించి ఇన్ని వేల కేసులు, ఇన్ని టీవీ చర్చలు. డబ్బా వాడినవాళ్ళకి పోయేది చిటికెడు. దాన్ని దంచినవాళ్ళకి పోయింది రోజుకి ఎనిమిది గంటలు. మన దేశంలో టాల్క్ అంటే మొదట రాజస్థాన్, ఉదయపూర్ వైపు. మన దగ్గరా గనులున్నాయి, దంచే మిల్లులున్నాయి. ఒకసారి మా కాలేజీ పిల్లల్ని తీసుకుని ఒక మిల్లుకి వెళ్ళాను. ఏ ఊరో చెప్పను. లోపల ట్యూబులైటు వెలుగుతోంది, కానీ పొగమంచులో దీపంలాగా ఉంది. బస్తా మూతి పట్టుకున్న అమ్మాయికి కనురెప్పల వెంట్రుకలు తెల్లగా ఉన్నాయి, పిండి మరలో మనిషిలాగా. మూతికి చీర కొంగు. నేను మూలనున్న బస్తాల మీద వేలితో గీత గీశాను, లోతుగా పడింది. యజమాని "పౌడరే కదా సార్, పిల్లలకి పూసేదే" అన్నాడు. నాకు నోట మాట రాలేదు. అప్పుడు చెప్పాల్సింది, చెప్పలేదు. మా పిల్లలకి కూడా చేతిరుమాళ్ళే ఉన్నాయి ఆ రోజు.

కొంగు గానీ రుమాలు గానీ ఈ పోగుని ఆపలేవు. ఎన్-95 కూడా చాలదు, మొహానికి బిగుతుగా పట్టే, పీ-100 ఫిల్టరున్న మాస్కు కావాలి. అదీ చివరి మాట. మొదటి మాట రాయిని తడపడం, మిల్లు నోరు మూసెయ్యడం, దుమ్ము లేచినచోటే పీల్చేసే గొట్టం పెట్టడం. పొడి చీపురుతో ఊడవకూడదు. పని బట్టలు ఇంటికి తీసుకుపోకూడదు. ఎందుకంటే, 1965లో లండన్ డాక్టర్లు మీసోథీలియోమా కేసులు వెతికితే, ఫ్యాక్టరీ గుమ్మం తొక్కని ఆడవాళ్ళు కూడా కొందరు దొరికారు. మగవాళ్ళ పని బట్టలు దులిపి ఉతికినవాళ్ళు.

1995లో మన సుప్రీంకోర్టు ఆస్‌బెస్టాస్ పనివాళ్ళ కేసులో ఒక మంచి తీర్పు ఇచ్చింది. పనివాడి ఆరోగ్యం అతని జీవించే హక్కులో భాగం అంది. ప్రతి పనివాడి ఆరోగ్య రికార్డు పనిలో చేరిన నాటి నుంచి కనీసం నలభై ఏళ్ళు గానీ, పని మానేశాక పదిహేనేళ్ళు గానీ, ఏది తర్వాతైతే అప్పటిదాకా దాచమంది. నలభై ఏళ్ళు ఎందుకన్నారో ఇప్పుడు మీకు అర్థమైంది కదా? అయితే అది ఆస్‌బెస్టాస్ ఫ్యాక్టరీల గురించిన కేసు. బలపపు రాయి దంచే మిల్లు బోర్డు మీద ఆస్‌బెస్టాస్ అని ఉండదు. అందులో చాలామంది కూలీలకి పీఎఫ్ చీటీ కూడా ఉండదు. అందుకే మిమ్మల్ని ఒకటి అడుగుతున్నాను. మీ ఇంట్లో, మీ వీధిలో, ఎప్పుడైనా ఇలాంటి మిల్లులో, గనిలో చేసినవాళ్ళుంటే ఒక నోట్‌బుక్కులో రాయించండి. ఏ మిల్లు, ఏ ఏడు నుంచి ఏ ఏడు దాకా, ఏం పని, దంచడమా, బస్తా కుట్టడమా. డాక్టరు దగ్గరికి పోయినప్పుడు అడిగినా అడగకపోయినా ఆ పేజీ ముందు పెట్టమనండి.

ఇంకేవైనా ప్రశ్నలా? చీటీ ఇవ్వండి... "ఇంట్లో రాతిచిప్పలో పులుసు కాస్తాం, అదీ బలపపు రాయే కదా, మానెయ్యాలా?" మంచి ప్రశ్న, ఎవరమ్మా రాసింది? అవును, అదీ ఈ జాతి రాయే. నిక్షేపంగా కాచుకోండి. గట్టిగా ఉన్న రాయిలోంచి గాలిలోకి ఏమీ లేవదు. పులుసు బాగుంటుంది కూడా, మా ఇంట్లోనూ అందులోనే కాస్తాం. ఆ చిప్పని చెక్కినవాడు మాత్రం కూర్చున్నచోటే రోజంతా పొడి పీలుస్తాడు. ఈసారి సంతలో కొనేటప్పుడు, తడిపి చెక్కుతున్నావా నాయనా, పొడిగానా అని అతన్నొకసారి అడగండి.